ఊరు కదిలే ముందు సింహాల లెక్క అడుగుదాం

(సంఘం వార్షికోత్సవంలో భాగంగా ఎల్.బి.నగర్‌లో జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ఆట చూశాం, పాట విన్నాం. ఇప్పుడు సింహాల గురించి మాట్లాడతానంటే, మన గిరిజన సంఘం సభలో సింహం ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సింహం మన నల్లమల జంతువు కాదు, కవ్వాల్ జంతువూ కాదు. మనకున్నది పులి. అయినా ఈ ముచ్చట మనదే. ఎందుకో చెప్తాను.

ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు, పోలీస్ ఉద్యోగాలకు, టీచర్ పోస్టులకు చదువుతున్న వాళ్ళే. చైతన్యపురిలో, కొత్తపేటలో హాస్టల్ గదుల్లో ఉంటూ కరెంట్ అఫైర్స్ బిట్లు బట్టీ పడుతున్న వాళ్ళే. ఆసియా సింహం సహజంగా ఎక్కడ ఉంది? గిర్, గుజరాత్. కూనో జాతీయ పార్కు ఏ రాష్ట్రంలో ఉంది? మధ్యప్రదేశ్. చీతాలు ఎప్పుడు వచ్చాయి? 2022 సెప్టెంబరు 17. ఒక్కో జవాబుకు ఒక్కో మార్కు. కానీ ఆ కూనో అనే ఒక్క మాట వెనుక 24 ఊళ్ళు ఉన్నాయి. ఆ ఊళ్ళ సంగతి బిట్ బ్యాంకుల్లో రాదు.

కూనో అడవి మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ జిల్లాలో ఉంది. అక్కడ సహరియాలు ఉంటారు. మన దగ్గర చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు ఎలాగో, అక్కడ సహరియాలు అలాగే మరీ వెనుకబడిన ఆదిమ తెగ. తునికాకు, బంక, వేర్లు, మందు మొక్కలు ఏరుకొని, కొంచెం చేను దున్నుకొని బతికేవాళ్ళు. 1990లలో భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు గిర్ సింహాలకు రెండో ఇల్లు వెతుకుతూ ఈ అడవిని ఎంపిక చేశారు. సింహాలకు చోటు కావాలని 1998 నుంచి 2003 మధ్య ఆ 24 ఊళ్ళను అడవి బయటికి తెచ్చారు. సుమారు 1,500 కుటుంబాలు. అందులో అత్యధికులు సహరియాలే.

ఊళ్ళు కదిలాయి. సింహాలు కదల్లేదు. తమ సింహాలను ఇవ్వడానికి గుజరాత్ ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. 2013 ఏప్రిల్ 15న కోర్టు తీర్పు ఇచ్చింది. ఆరు నెలల్లో సింహాలను కూనోకు తరలించమంది. ఆ తీర్పు వచ్చి పన్నెండేళ్ళు దాటింది. ఇప్పటిదాకా ఒక్క గిర్ సింహం కూడా కూనోలో అడుగు పెట్టలేదు. నమీబియా నుంచి 8 చీతాలు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో 12 వచ్చాయి. సహరియాలు ఎవరి కోసం ఊరు విడిచారో ఆ జంతువు మాత్రం రాలేదు.

కూనో నిర్వాసితుల గురించి అస్మితా కాబ్రా అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. అడవి ఆదాయం పోయాక వాళ్ళ బతుకు ఎలా కుంగిందో ఆమె లెక్కలతో సహా రాశారు. భూమి ఇచ్చారు, ఇల్లు ఇచ్చారు అని కాగితం చెప్తుంది. కానీ బంక కారే చెట్టును ఏ ప్యాకేజీలో ఇస్తారు?

ఈ కథ విన్న మన పిల్లలు రెండు రకాలుగా మాట్లాడటం నేను గమనించాను. ఒకరు, ఈ జంతువులు, జన్యువులు అన్నీ సాకులే, అడవి నుంచి మనల్ని వెళ్ళగొట్టడానికి అల్లిన మాటలే అంటారు. ఇంకొకరు, సైన్సు చెప్పాక ఇక మాట్లాడేది ఏముంది, కదలాల్సిందే అంటారు. రెండూ తొందరపాటు మాటలే. సింహానికి రెండో ఇల్లు కావాలన్న మాట నిజం. దాని వెనుక ఉన్న జన్యుశాస్త్రం కూడా నిజం. ఆ శాస్త్రాన్ని మనం సరిగ్గా నేర్చుకుంటే మనల్ని నోరు మూయించడానికి వాడే మాటలతోనే మనం గట్టి ప్రశ్నలు వేయగలం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందు, రెండో ఇల్లు ఎందుకు కావాలో చూద్దాం.

ప్రపంచంలో ఆసియా సింహాలు అడవిలో స్వేచ్ఛగా బతుకుతున్నది ఒక్క గుజరాత్‌లోనే. 2020లో 674 ఉన్నాయి. 2025 లెక్కల్లో 891కి పెరిగాయి. అందులో సగానికి పైగా రక్షిత అడవి బయటే, పొలాల్లో, ఊళ్ళ పక్కన, సముద్రం ఒడ్డున తిరుగుతున్నాయి. సంఖ్య పెరగడం సంతోషమే. కానీ అన్నీ ఒకే ప్రాంతంలో ఉండటం ప్రమాదం. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గిర్‌లోని దల్ఖానియా రేంజిలో 23 సింహాలు చనిపోయాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ వాటిలో బయటపడింది. అంతకుముందు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో ఇదే వైరస్ సుమారు 1,000 సింహాలను పొట్టన పెట్టుకుంది. అక్కడున్న వాటిలో అది మూడో వంతు.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. 2021 మే నెలలో నెహ్రూ జూ పార్కులోని 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు తేలింది. పరీక్షించింది మన సి.సి.ఎం.బి. వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాల. అదృష్టం కొద్దీ అవి కోలుకున్నాయి. ఒకే చోట ఉన్న మందలో రోగం ఎంత తొందరగా పాకుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దని మన ముసలమ్మలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇది చోటుకు సంబంధించిన ప్రమాదం. ఇంకో ప్రమాదం ఒంట్లోనే ఉంటుంది, కంటికి కనబడదు. దాన్నే జన్యు వైవిధ్యం తగ్గిపోవడం అంటారు.

జొన్న విత్తనంతో చెప్తాను. మన అవ్వలు విత్తనాలకు కంకులు ఏరేటప్పుడు ఒక్క కంకినే కోసి దాచరు. చేనంతా తిరిగి, ఇక్కడొకటి అక్కడొకటి మంచివి ఏరి, కలిపి దాస్తారు. ఒకటి వానకు తట్టుకుంటుంది, ఒకటి ఎండకు నిలుస్తుంది, ఒకటి పురుగుకు లొంగదు. ఏ ఏడు ఎలా వచ్చినా కొంత పంట చేతికొస్తుంది. ఒకే కంకి గింజలతో చేనంతా నింపితే, దానికి పడని తెగులు వచ్చిన ఏడు చేనంతా పోతుంది. జంతువుల్లో కూడా అంతే. ఒక్కో జీవిలో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మందలో రకరకాల ప్రతులు ఉంటే ఏ రోగం వచ్చినా తట్టుకునేవి కొన్ని మిగులుతాయి. మంద చిన్నదైపోయి దగ్గరి చుట్టాలే జతకట్టే పరిస్థితి వస్తే, తల్లి నుంచి తండ్రి నుంచి ఒకే లోపం ఉన్న ప్రతి బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. పిల్లలు నిలవవు, సంతానం తగ్గుతుంది, రోగానికి లొంగుతాయి.

గిర్ సింహాలకు ఈ గండం ఇప్పటికే ఒకసారి వచ్చింది. ఒకప్పుడు సింహాలు ఉత్తర భారతమంతా, నర్మద దాకా ఉండేవి. వేటలో అన్నీ పోయి, పంతొమ్మిదో శతాబ్దం చివరికి జునాగఢ్ నవాబు అడవుల్లో మాత్రమే కొద్దిపాటి మిగిలాయి. ఈ రోజు ఉన్న 891 కూడా ఆ కొద్దిపాటి సింహాల సంతానమే. అంటే సంఖ్య పెద్దదే, కానీ కుటుంబం చిన్నది.

దీని మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద చర్చే నడిచింది. అందులో మన హైదరాబాద్‌కు పాత్ర ఉంది. 1987లో విదేశీ శాస్త్రవేత్తలు గిర్ సింహాలను సెరెంగెటి సింహాలతో పోల్చి, వీటిలో జన్యు వైవిధ్యం దాదాపు కనబడటం లేదని, మగ సింహాల వీర్యంలో లోపమున్న కణాలు చాలా ఎక్కువని ప్రకటించారు. పదేళ్ళకు, 1997లో, హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ బృందం డి.ఎన్.ఎ. పద్ధతులతో మళ్ళీ చూసి, వాళ్ళు చెప్పినంత ఘోరంగా లేదు, వైవిధ్యం కొంత మిగిలే ఉందని చూపించింది. 2020లో పూర్తి జన్యుపటాలు చదివిన అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. ప్రపంచ సింహాలన్నిటిలో గిర్ సింహాల వైవిధ్యం బాగా తక్కువని అది తేల్చింది. మొత్తం మీద తేలింది ఏమిటంటే, గిర్ సింహాల దగ్గర జన్యు సంపద కొంచెమే ఉంది, ఉన్న ఆ కొంచెం చాలా విలువైనది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సింహాలను గిర్ నుంచి కూనోకు మార్చినంత మాత్రాన కొత్త జన్యువులు పుట్టవు. లేనిదాన్ని తరలింపు తేలేదు. అది చేయగలిగింది ఉన్నదాన్ని రెండు చోట్ల భద్రపరచడం. కాబట్టి కదిలించే గుంపులో గిర్‌లో మిగిలిన వైవిధ్యం వీలైనంత రావాలి. లేకపోతే ఒక్క కంకి గింజలు పట్టుకొని కొత్త చేనుకు పోయినట్టే.

మన దేశంలో ఒకసారి అలాగే చేశారు. 1957లో ఉత్తరప్రదేశ్‌లోని చంద్రప్రభ అభయారణ్యానికి గిర్ నుంచి మూడు సింహాలను తీసుకుపోయారు. ఒక మగ, రెండు ఆడ. 1965 నాటికి అవి 11 అయ్యాయి. అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత అవన్నీ కనబడకుండా పోయాయి. వేటవల్ల పోయాయో, విషం పెట్టారో, పోయేలోపు ఎవరూ సరిగా కాపలా కాయలేదు. జన్యువుల వల్లే పోయాయని నేను అనను. దానికి అంత సమయం కూడా లేదు. కానీ లెక్క వేసి చూడండి. మూడు సింహాలంటే ఒక్కో జన్యువుకు ఎక్కువలో ఎక్కువ 6 ప్రతులు. మగది ఒక్కటే కాబట్టి మొదటి తరం పిల్లలన్నీ ఒకే తండ్రి బిడ్డలు. అవి బతికి బట్టకట్టినా, తర్వాతి తరం అన్నాచెల్లెళ్ళ మధ్య జతే అయ్యేది. ఆ పథకానికి మొదటి రోజే పునాది లోతు చాలలేదు.

దక్షిణాఫ్రికాలో హ్లుహ్లువె ఇంఫొలోజి అనే పార్కు ఉంది. అక్కడ సింహాలు అంతరించాక 1958లో ఒక మగ సింహం తనంతట తాను వచ్చింది. తర్వాత కొన్ని ఆడ సింహాలను తెచ్చి వదిలారు. మంద వందకు పైగా పెరిగింది. అంతా బాగుందనుకున్నారు. మూడు నాలుగు దశాబ్దాలయ్యేసరికి సింహాలు నీరసపడ్డాయి, సంఖ్య పడిపోయింది. దగ్గరి చుట్టరికం వల్ల వచ్చిన బలహీనత అని గుర్తించి, 1999 నుంచి 2001 మధ్య బయటి పార్కుల నుంచి 16 సింహాలను తెచ్చి కలిపారు. కొత్త రక్తం కలిసిన సంతానం మెరుగ్గా బతికింది. మొదట ఎన్ని తెచ్చాం అన్నది ఎంత ముఖ్యమో, తర్వాత ఎప్పుడెప్పుడు కలుపుతాం అన్నదీ అంతే ముఖ్యమని ఆ పార్కు చూపించింది. తరానికి ఒకటి రెండైనా కొత్త జంతువులు వచ్చి కలవాలన్నది జన్యుశాస్త్రంలో చాలాకాలంగా ఉన్న కొండగుర్తు.

మరి ఏ సింహాలను ఎంచుకోవాలి? ఇక్కడ మన సమాజంలోని ఒక పద్ధతి మనకు అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

మన పెళ్ళిళ్ళలో మొదట అడిగేది ఏమిటి? లంబాడీ తండాలో గోత్రం అడుగుతారు. ఆదిలాబాద్ గోండు గూడెంలో సగ అడుగుతారు. నాలుగు దేవుళ్ళ వాళ్ళా, ఐదా, ఆరా, ఏడా అని అడుగుతారు. కోయలు గట్టు అడుగుతారు. ఒకే సగలో, ఒకే గోత్రంలో సంబంధం కలుపుకోరు. వాళ్ళందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ లెక్క. మన పూర్వీకులు డి.ఎన్.ఎ. చూసి ఈ కట్టుబాటు పెట్టారని గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. అది బంధుత్వాన్ని, దేవతను, కొలుపును కలిపిన సామాజిక నియమం. పైగా మనలో చాలా చోట్ల మేనరికం ఉంది. మేనమామ బిడ్డ గోత్రం వేరే. కానీ రక్తం దగ్గరిదే. అంటే పేరు వేరైనంత మాత్రాన చుట్టరికం దూరమని కాదు.

సింహాల్లో కూడా సరిగ్గా ఇదే చిక్కు. సింహాల గుంపులో ఆడవి అన్నీ తల్లులు, బిడ్డలు, అక్కచెల్లెళ్ళు, పిన్నులు. ఆడపిల్ల సాధారణంగా పుట్టిన గుంపులోనే ఉండిపోతుంది. మగపిల్లలు రెండు మూడేళ్ళకు బయటికి పోతాయి. పోయేటప్పుడు అన్నదమ్ములు జట్టు కట్టి పోతాయి. కాబట్టి అటవీశాఖ వాళ్ళు సులువు కదా అని ఒకే గుంపును మొత్తం పట్టి తీసుకుపోతే, పది సింహాలు వెళ్ళినట్టు కాగితం మీద కనబడుతుంది. జన్యువుల లెక్కలో వెళ్ళింది ఒక ఇల్లు. ఒకే జట్టులోని రెండు మగవి తీసుకుపోయినా చాలాసార్లు ఒక్కటి తీసుకుపోయినంతే. అలాగని ఒక్కొక్కటి ఒక్కో చోట నుంచి తెచ్చి కలిపితే అవి కొట్టుకుంటాయి, స్థిరపడవు. కలిసి పెరిగిన ఆడ సింహాలు కొత్త చోట తొందరగా కుదురుకుంటాయి. అందుకని వేర్వేరు ప్రాంతాల నుంచి చిన్న చిన్న జట్లుగా తేవాలి. గిర్ మధ్య అడవి నుంచి ఒకటి, అమ్రేలి వైపు నుంచి ఒకటి, తీరం వైపు నుంచి ఒకటి అన్నట్టు. మేనరికం ఉదాహరణలో చూశాం కదా, ఊరు వేరైతే చుట్టరికం లేదని నమ్మకూడదు. పట్టే ముందే డి.ఎన్.ఎ. చూడాలి.

దానికి ప్రతి సింహాన్నీ మత్తిచ్చి పట్టనక్కర్లేదు. పెంటిక నుంచి, రాలిన వెంట్రుక నుంచి డి.ఎన్.ఎ. తీసే పద్ధతులు ఉన్నాయి. అత్తాపూర్‌లోని లాకోన్స్‌లో ఇలాంటి పనే జరుగుతుంది. వేటగాళ్ళ దగ్గర దొరికిన చిన్న మాంసం ముక్కను చూసి అది ఏ జంతువుదో చెప్పే పద్ధతిని కూడా అక్కడి శాస్త్రవేత్తలే తయారు చేశారు.

వైవిధ్యం కావాలి కదా అని ఎక్కడివి పడితే అక్కడివి కలిపితే సరిపోతుందా? సరిపోదు. దానికి కూడా మన దేశంలోనే పాఠం ఉంది. 1970ల చివర్లో చండీగఢ్ దగ్గరి ఛత్‌బీర్ జూలో గిర్ సింహాలను సర్కస్ నుంచి వచ్చిన ఆఫ్రికా సింహాలతో కలవనిచ్చారు. మంద బాగా పెరిగింది. తర్వాత చూస్తే అది గిర్ సింహం కాదు, ఆఫ్రికా సింహం కాదు. చివరికి వాటికి సంతానం కలగకుండా ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. సర్కసుల్లో సింహాలు, పులులతో ఆటలు ఆడించడాన్ని నిషేధించాక విడిపించిన సింహాల్లోనూ ఇలాంటి సంకర సింహాలు చాలా ఉన్నాయి. వాటికి తిరుపతిలో, విశాఖపట్నంలో పునరావాస కేంద్రాలు పెట్టారు. వాటిని కడదాకా సాకారు తప్ప వాటితో సంతానం పెంచలేదు.

ఇప్పుడున్న అవగాహన ప్రకారం సింహాల్లో రెండు పెద్ద శాఖలు ఉన్నాయి. గిర్ సింహాలు, పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలు ఒక శాఖ. తూర్పు, దక్షిణ ఆఫ్రికా సింహాలు ఇంకో శాఖ. అంటే మన గిర్ సింహానికి దక్షిణాఫ్రికా సింహం కంటే పశ్చిమాఫ్రికా సింహం దగ్గరి చుట్టం. ఆఫ్రికాలో ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు సింహాలను మార్చేటప్పుడు కూడా దగ్గర్లో దొరికాయా, ఉచితంగా ఇస్తున్నారా అని చూడకుండా ఏ శాఖవో చూడాలని శాస్త్రవేత్తలు ఇప్పుడు గట్టిగా చెప్తున్నారు. మరీ దగ్గరైతే బలహీనత, మరీ దూరమైతే ఆ నేలకు అలవాటుపడిన గుణం పోతుంది.

ఇక మన అడవుల సంగతికి వద్దాం.

ఎల్.బి.నగర్ నుంచి విజయవాడ రోడ్డు మీద పోతుంటే వనస్థలిపురం దగ్గర హరిణవనస్థలి ఉంది కదా. మీలో చాలామంది ఆదివారాలు పోయే ఉంటారు. నిజాం కాలపు వేట మైదానం. 1975 నుంచి కృష్ణజింకలకు రక్షణ. మంచిదే. కానీ చుట్టూ గోడ, గోడ చుట్టూ నగరం. లోపలి జింక బయటికి పోలేదు, బయటి జింక లోపలికి రాలేదు. నలువైపులా మూసుకుపోయిన మందకు కొత్త రక్తం రావాలంటే మనిషి తెచ్చి కలపాల్సిందే. జన్యువుల దృష్టితో చూస్తే అది నగరం మధ్యలో ఒక దీవి.

ఒడిశాలోని సిమిలిపాల్ పులుల అడవి అలాంటి దీవే. అక్కడ నల్ల చారలు దట్టంగా కమ్మేసిన పులులు కనబడతాయి. చూడటానికి వింతగా ఉంటాయి. బెంగళూరు శాస్త్రవేత్తలు 2021లో వాటి డి.ఎన్.ఎ. చదివి, బయటి పులులతో సంబంధం తెగి, చిన్న మందలో దగ్గరివే జతకట్టడం వల్ల ఆ గుణం అంతగా పెరిగిందని చూపించారు. 2024లో మహారాష్ట్రలోని తడోబా నుంచి రెండు ఆడ పులులను అక్కడికి తెచ్చారు. అందులో ఒకటి అడవి దాటి జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ దాకా తిరిగితే, పట్టుకొని మళ్ళీ తెచ్చారు. జంతువును కదిలించడం లారీ ఎక్కించి దింపినంత తేలిక కాదని దాంతో అందరికీ తెలిసింది.

ఆ తడోబా వైపు నుంచే మన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా అడవులకు దారి ఉంది. అక్కడి పులులు కాగజ్‌నగర్ మీదుగా నడిచి కవ్వాల్ వైపు వస్తాయి. మనిషి తెచ్చి కలపనక్కర్లేకుండా వాటంతట అవే కలిసే దారి అది. జన్యువులకు అదే అన్నిటికంటే మంచి దారి. ఆ దారిని కాపాడాలని 2025 మే నెలలో ప్రభుత్వం జి.ఓ. 49 ఇచ్చి, కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించింది. మమ్మల్ని అడగకుండా ఎలా చేశారని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. జూలైలో ఆ జి.ఓ.ను నిలిపివేశారు. అంతకుముందు 2024లో కవ్వాల్ లోపలి మైసంపేట, రాంపూర్ ఊళ్ళు బయటికి వచ్చాయి. ఈ ప్రశ్న మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. రేపు చెంచు పెంట దగ్గరికీ వస్తుంది.

అప్పుడు మనం ఏం అడగాలి?

అడగడానికి మనకు చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వన్యప్రాణుల కోసం ఊరిని కదిలించాలంటే, ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. మనుషులుంటే ఆ జంతువుకు తిరిగి పూడ్చలేని నష్టం జరుగుతుందని రుజువు చేయాలి. కలిసి బతకడానికి వేరే మార్గం లేదని తేల్చాలి. గ్రామసభ అన్నీ తెలుసుకొని, ఇష్టపూర్వకంగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్త చోట భూమి, వసతులు పూర్తయ్యాకే కదిలించాలి. అలా ఖాళీ చేసిన అడవిని తర్వాత ఇంకో పనికి మళ్ళించకూడదు. సహరియాలు కదిలినప్పుడు ఈ చట్టం లేదు. మనకు ఉంది.

చట్టంలో రుజువు అని ఉంది చూడండి, ఆ మాట దగ్గర మనకు జన్యుశాస్త్రం పనికొస్తుంది. జంతువు కోసం మీ ఊరు కదలాలి అని అధికారి గ్రామసభలో అంటే, గౌరవంగానే ఈ ప్రశ్నలు అడగండి. ఎన్ని జంతువులను తెస్తున్నారు? ఎన్ని వేర్వేరు కుటుంబాల నుంచి? డి.ఎన్.ఎ. పరీక్ష ఎవరు చేశారు, నివేదిక ఎక్కడ? ఇచ్చే రాష్ట్రం రాతపూర్వకంగా ఒప్పుకుందా? పదేళ్ళ తర్వాత కొత్త జంతువులను తెచ్చి కలపడానికి ఏర్పాటు ఉందా, డబ్బు ఉందా? రోగం వస్తే ఏం చేస్తారు? అవి వాటంతట అవే నడిచి వచ్చే దారి ఉంటే, దాన్ని గనులకు, రోడ్లకు ఇవ్వకుండా ఎలా కాపాడుతున్నారు?

ఈ ప్రశ్నలకు జవాబు ఉంటే ఆ పథకం నిజంగా జంతువు కోసమే. అప్పుడు మన ఊరు కూర్చొని తన మంచి చెడ్డ ఆలోచించుకుంటుంది. కలిసి ఉండే మార్గం చూపిస్తుంది, లేదా తన షరతులు చెప్తుంది. జవాబు లేకపోతే మాత్రం ఆ పథకం వల్ల జంతువుకూ మేలు జరగదు, మనిషికీ మేలు జరగదు. చంద్రప్రభలో సింహాల కథ, కూనోలో సహరియాల కథ ఆ మాటే చెప్తున్నాయి. కూనోలో ఇచ్చే రాష్ట్రం ఒప్పుకోలు కాగితం ముందే అడిగి ఉంటే, 24 ఊళ్ళు ఇంకా అక్కడే ఉండేవి.

గిర్‌లో కూడా మనుషులున్నారని మరచిపోవద్దు. మాల్దారీలు తరతరాలుగా బర్రెలు, ఆవులతో ఆ అడవిలోనే ఉన్నారు. గిర్ నెస్సుల్లో ఉండే రబారీ, భర్వాడ్, చారణ్‌లు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. 1970ల నుంచి వాళ్ళలో వందల కుటుంబాలను బయటికి పంపారు. ఇంకా మిగిలిన వాళ్ళ పశువును అప్పుడప్పుడు సింహం తింటుంది. నష్టం భరిస్తూనే పక్కన బతుకుతున్నారు. ఆ సింహం ఈ రోజు ఉందంటే నవాబు ఒక్కడి పుణ్యమే కాదు. ఈ పశువుల కాపరుల ఓర్పు కూడా ఉంది.

చివరగా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఎల్.బి.నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా పోతే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. మీ హాస్టల్ నుంచి ఒక గంట ప్రయాణం. సెప్టెంబరు 26 సి.ఎస్.ఐ.ఆర్. స్థాపన దినం. ఆ రోజుల్లో విద్యార్థులకు ప్రయోగశాలలు చూపిస్తారు. వెళ్ళండి. డి.ఎన్.ఎ. ఎలా తీస్తారో కళ్ళతో చూడండి. బి.ఎస్సీ. జువాలజీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు ఉంటే ఉద్యోగం రాదని మానుకోకండి. పాదముద్ర చూసి జంతువు ఎటు పోయిందో చెప్పే చెంచు తాత మన వాడే. పెంటిక చూసి దాని వంశం చెప్పే శాస్త్రవేత్త కూడా మన వాళ్ళలో ఒకరు కావాలి. ఆ ఇద్దరూ ఒకే గ్రామసభలో పక్కపక్కన కూర్చున్న రోజు, మన ఊరి తరఫున వేరే వాళ్ళు లెక్కలు చెప్పాల్సిన అవసరం ఉండదు.

గ్రూప్స్ రాసి రేపు అధికారులయ్యే వాళ్ళు కూడా మీలో ఉన్నారు. మీ బల్ల మీదికి ఇలాంటి ఫైలు వస్తుంది. అప్పుడు కూనో అన్న మాట చూడగానే ఒక మార్కు బిట్ గుర్తుకు రావడం కాదు, ఆ 1,500 కుటుంబాలు గుర్తుకు రావాలి. జంతువుల లెక్క అడగండి. మనుషుల ఒప్పుకోలు అడగండి. రెండూ ఉన్నాకే సంతకం పెట్టండి.